బాగుంది అని రాసిన చేతితో

పెద్దలకి, డాక్టర్లకి, నర్సమ్మలకి, వంటగదిలో నాతోపాటు ఇరవై రెండేళ్ళు చెమటోడ్చిన నా వాళ్ళకి, మా వీధి నుంచి వచ్చినవాళ్ళకి, అందరికీ దండాలు.

ఈ హాలు నాకు కొత్త కాదు. ఇక్కడ ఎన్ని మీటింగులైనా నేను ఆ వెనక తలుపు దగ్గర టీ ట్రే పట్టుకుని నిలబడేదాన్ని. కప్పులు ఎవరివి ఖాళీ అయ్యాయా అని చూసేదాన్ని. ఇవాళ ముందుకి రామ్మా, మైకు దగ్గరికి రామ్మా అన్నారు. ఈ ముందుకి రావడానికి నాకు ఇలాంటి రోజే రావాలా?

నేను నాలుగో తరగతి దాకా చదివాను. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను. చూడకుండా మాట్లాడితే ఏడుపు తప్ప ఏమీ రాదు. తప్పులుంటే క్షమించండి. ఇది రాసింది మా అమ్మాయి నోటుబుక్కులోనే, తను వదిలిపోయిన ఖాళీ కాగితాల మీద. ఈ బుక్కు సంగతి కూడా చెబుతాను.

ఆ ఫోటో కింద మా అమ్మాయికి పెద్ద పేరు రాశారు. పేరు ముందు డాక్టరని, వెనక ఇంకేవో అక్షరాలు. నాకు మాత్రం అది చీమ. పుట్టినప్పుడు రెండు కిలోలు లేదు. నడక వచ్చిన దగ్గర్నుంచి తనకంటే పెద్ద వస్తువేదో మోస్తూనే ఉండేది. స్టూలు, బకెట్టు, వాళ్ళ నాన్న బూట్లు. ఆయనే ఆ పేరు పెట్టాడు. ఈ ఆస్పత్రి పాత లిఫ్టు నడిపిన మనిషి మీలో కొందరికి గుర్తుండాలి, ఆయనే. ఎక్కినవాళ్ళందరితో జోకులు వేసేవాడు, రోగులతో కూడా. ఆయన పోయి పదకొండేళ్ళు. ఇవాళ్టి రోజు చూడకుండా పోయాడు, అదొక్కటే ఆయన చేసుకున్న పుణ్యం.

అయ్యా, అమ్మా, నాకంటే ముందు నలుగురు మాట్లాడారు. చాలా గొప్పగా మాట్లాడారు. రోగుల మీద ప్రయోగం చెయ్యడం ఇష్టం లేక తన ఒంటి మీద చేసుకుందన్నారు. ప్రాణం లెక్కచెయ్యలేదన్నారు. ఇలాంటి బిడ్డని కన్న తల్లి ధన్యురాలన్నారు. ఒకాయన, అంతా ఆ తల్లి పెంపకమే అన్నారు.

నా పెంపకమే. ఆ మాట నిజం. అందుకే ఇక్కడ కూర్చోలేక కూర్చున్నాను.

ఇంకో సంగతి. మా అమ్మాయితో పనిచేసిన ముగ్గురు మొన్న మా ఇంటికొచ్చారు. ఇక్కడే ఉన్నారు, రెండో వరసలో. మా ఫ్రిజ్‌లో చీమ దాచిన మందు సీసాలు ఇంకా మూడు ఉన్నాయని వాళ్ళకి తెలుసు. అవి ఇమ్మని అడిగారు. ఆమె సగంలో ఆపింది మేం పూర్తి చేస్తాం ఆంటీ, తలా ఒకటి తాగుతాం, ఆమె పేరు నిలబెడతాం అన్నారు. చెబుతుంటే వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు. టీ పెట్టి ఇచ్చి పంపాను. నాయనలారా, మీకివ్వాల్సిన జవాబు ఇవాళ ఇస్తాను. చివరిదాకా వినండి.

మా వంటగదిలో ఒక పుస్తకం ఉంటుంది. మేం రుచి పుస్తకం అంటాం. వార్డులకి ఏ తిండి బండి కదలాలన్నా ముందు వంటమనిషి ఒక గిన్నెడు తినాలి. తిని అరగంట ఆగాలి. ఆ అరగంటలో మనిషికి ఏమీ కాకపోతే పుస్తకంలో టైము వెయ్యాలి, సంతకం పెట్టాలి, చివరి గడిలో ఎలా ఉందో రాయాలి. అప్పుడే బండి కదులుతుంది. ఒంట్లో బలంలేని మనుషులకి పెట్టే తిండి కదా, అందుకు ఆ రూలు. ఇరవై రెండేళ్ళు ఆ గడిలో నేను రాసింది ఒక్కటే మాట. బాగుంది.

బడి అయ్యాక చీమ నా దగ్గరికే వచ్చేది. బియ్యం బస్తా మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. నన్ను చూసేది. ముందు నువ్వెందుకు తింటావమ్మా అని అడిగింది ఒకసారి. ఎవరికైనా ఒకటి పెట్టేముందు మనం నోట్లో వేసుకోవాలే, అది న్యాయం అన్నాను. ఆ మాట దానికి ఎంత లోతుగా దిగిందో చూడండి. మా వీధిలో పిల్లికి జబ్బు చేస్తే పశువుల డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. ఇది ముందు తను రెండు చుక్కలు నాలిక మీద వేసుకుంది. అరగంట గోడ గడియారం చూస్తూ కూర్చుంది. ఆ తర్వాతే పిల్లికి పోసింది. వాళ్ళ నాన్న ఇంటికొచ్చి, ఇంతకీ మన చీమ మ్యావ్ అంటోందా లేదా అని అడిగాడు. రెండు రోజులు ఇల్లంతా నవ్వులే. నేనూ నవ్వాను. ఒక్కటి వెయ్యాల్సింది దాన్ని. నవ్వాను.

ఆ ఏడే పాలు పాడైన సంగతి జరిగింది. వంటగది వాళ్ళకి తెలుసు. తెలియనివాళ్ళకి చెబుతాను, అందరూ చెప్పుకునే విధంగానే చెబుతాను. పొద్దున్న అరవై మంది రోగులకి తియ్యటి పాలల్లో రొట్టె ముక్కలు వేసి పెట్టే రోజు అది. రూలు ప్రకారం నేను ముందు తిన్నాను. కడుపులో తిప్పింది, వాంతులయ్యాయి. పడిపోతూ పడిపోతూ బండి ఆపమని అరిచాను. బండి లిఫ్టు దాకా వెళ్ళింది, వాళ్ళ నాన్న తలుపు మూసేసి ఆపాడు. పాలు పాడయ్యాయని తేలింది. అరవై మంది బతికిపోయారు. మర్నాడు ఆస్పత్రి పెద్ద సారు ఈ హాల్లోనే నన్ను నిలబెట్టి శాలువా కప్పారు. ముందు వరసలో చీమ కూర్చుంది, తొమ్మిదేళ్ళది. చప్పట్లు కొట్టి కొట్టి దాని అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

అప్పటినుంచి దానికి ఆ కథే కథ. బళ్ళో చెప్పింది. కాలేజీలో చెప్పింది. డాక్టరు చదువుకి వెళ్ళినప్పుడు, ఎందుకమ్మా ఈ చదువు అని అడిగిన పెద్దమనుషులకీ అదే చెప్పిందట.

అది డాక్టరయ్యాక, ముందు తమ ఒంటి మీదే పరీక్ష చేసుకున్న పాతకాలం డాక్టర్ల సంగతులు నాకు చెప్పేది. నేను గిన్నెలు తోముతుంటే తను తుడుస్తూ చెప్పేది. ఒక డాక్టరట, ఒక నర్సమ్మని నమ్మించి సామాన్లు తెప్పించుకుని, తన చేతి నరంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా తోసుకుని, మెట్లు దిగి నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్ళాడట. ఇంకొకాయన, కడుపులో పుండ్లకి కారణం ఫలానా సూక్ష్మజీవి అంటే ఎవరూ నమ్మకపోతే, ఆ పురుగుల్ని గ్లాసులో కలుపుకుని తాగేశాడట. జబ్బుపడ్డాడు, ఆయన మాటే గెలిచింది. ఇంకొకాయన జ్వరం మోసే దోమతో కుట్టించుకుని పోయాడంటారట.

నేనొక్కటే అడిగాను. ఈ కథల్లో వాళ్ళ అమ్మలు ఎక్కడున్నారే అని. గొట్టం గుండెలోకి పోతుంటే వాళ్ళమ్మ ఏ గిన్నె తోముతోంది? ఇంకోటి కూడా అడిగాను. గెలిచినవాళ్ళ కథలే మనదాకా వచ్చాయి, తాగి చచ్చిపోయి ఏమీ తేల్చలేనివాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారే అని. అది పకపకా నవ్వింది. మా పెద్ద డాక్టరమ్మ కూడా అచ్చం ఇదే అడిగిందమ్మా, మీరిద్దరూ ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారా ఏమిటి అంది. నవ్వించి నోరు మూయించడం వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది.

ఇక ఆ మందు. పిల్లల కాలేయంలో చేరి తినేసే పురుగొకటి ఉంది. మూడో వార్డు నిండా ఆ పిల్లలే. వాళ్ళకి నేనే పాలు పంపేదాన్ని. పాలు తిరిగొచ్చేవి. దానికి మందు తయారు చేసే పని మా చీమది. జంతువులకి ఇచ్చి చూశారు. మనుషులకి ఇవ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ వాళ్ళు ఇంకొన్నాళ్ళు జంతువుల్లోనే చూడమన్నారు. పెద్ద డాక్టరమ్మ కూడా ఆగమంది. తరవాత మనుషుల మీద చెయ్యాల్సి వస్తే ముందు ఎవరి మీద చేస్తారని చీమని అడిగాను. ఎవరో ఒకరు ముందుకొస్తారు, కాగితం మీద సంతకం పెడతారు అంది. ఆ తర్వాత అది అన్న మాట నేను మర్చిపోలేను. అది ఉన్నదున్నట్టు చెబుతాను.

"చదవడం రాని మనిషి చదవని కాగితం మీద సంతకం పెడితే, దాన్ని ఒప్పుకోవడం అంటారా అమ్మా? నేను నోట్లో వేసుకోనిది వాళ్ళ నోట్లో ఎలా వెయ్యను?"

అది నా మాటే. నా వంటగది మాటే డాక్టరు చదువు చదువుకుని తిరిగి నా ఇంటికొచ్చింది. నాకు గర్వం వేసింది. తల్లులారా, ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు, గర్వం వేసింది.

ఆదివారం పొద్దున్న మా వంటింట్లో బల్ల మీద సీసాలు పెట్టింది. ఆరు. ఒకటి తాగింది. చేదు అని మొహం అష్టవంకర్లు తిప్పి, నీ పప్పు కంటే నయమే అంది. అప్పుడు ఈ నోటుబుక్కు నా ముందు పెట్టింది. నిలువు గీతలు గీసి ఉన్నాయి. తేదీ, టైము, జ్వరం. చివరి గడి నాది. రోజూ నన్ను చూసి ఏమైనా మార్పు కనిపిస్తే అందులో రాయమ్మా అంది. నువ్వు డాక్టరువి, నువ్వే రాసుకోవచ్చుగా అన్నాను. అది చెప్పిన జవాబు ఇది. "నన్ను నేను చూసుకుంటే నాకు కావలసిందే కనపడుతుంది. నువ్వు చూడు."

అంత తెలివైనది. అంత తెలిసినది. తన కళ్ళని తను నమ్మకూడదని తెలుసు. నా కళ్ళని నమ్మింది. ఇంతమంది డాక్టర్లున్న ఆస్పత్రిలో ఒక్కరికీ చెప్పలేదు, చెబితే ఆపుతారని. రక్తం పరీక్షకి ఇస్తే ల్యాబులో అందరికీ తెలిసిపోతుందని ఎనిమిదో రోజుకి వాయిదా వేసింది. నాలుగో తరగతి చదివిన వంటమనిషి చేతికి పెన్ను ఇచ్చింది.

నేనేం రాశాను? సోమవారం, బాగుంది. మంగళవారం, బాగుంది. బుధవారం, బాగుంది. గురువారం, బాగుంది.

గురువారం సాయంత్రం ఆ గడి చదువుకుని తృప్తిగా నవ్వింది. మా అమ్మ బాగుంది అంటే బాగున్నట్టే, అరవై మందిని కాపాడిన మనిషి అంది. శుక్రవారం పొద్దున్న ఒకటి కాదు, రెండు సీసాలు తాగింది. శనివారం మధ్యాహ్నం గుమ్మం దగ్గర కూలిపోయింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు మీ అందరికీ తెలుసు. మీ చేతుల్లోనే ఉంది. మీరు చెయ్యనిది లేదు.

పెద్ద డాక్టరమ్మా, మీరు నన్ను వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని అడిగారు. కళ్ళు ఎప్పుడు పచ్చబడ్డాయమ్మా, మొదటి సీసా తర్వాతా, రెండోసారి తాగాకా అని. నేను చూడలేదన్నాను.

చూశాను. బుధవారం.

ఈ కాగితం మీద ఇప్పుడు ఆ గడి మళ్ళీ రాశాను. అలా రాయమనే కదా బిడ్డ అడిగింది. చదువుతాను, దయచేసి ఎవరైనా రాసుకోండి.

సోమవారం. టీ ఇస్తే వాసన పడటం లేదని పక్కన పెట్టింది. దానికి టీ లేకపోతే తెల్లారదు.

మంగళవారం. అరచేతులు దురద. బల్ల అంచుకి రుద్దుకుంటోంది. నేను చూస్తే ఆపేసింది.

బుధవారం. తల దువ్వుతుంటే కిటికీ వెలుతురులో మొహం పైకెత్తింది. కళ్ళల్లో తెలుపు, తెలుపుగా లేదు. లేత పసుపు.

గురువారం. ఒకే మాట రెండుసార్లు అడిగింది. గ్యాస్ కట్టేశావా అమ్మా అని. కట్టేశానని చెప్పాను. మళ్ళీ అడిగింది. మధ్యాహ్నం కుర్చీలోనే కూర్చుని నిద్రపోయింది.

ఇది నిజమైన గడి.

మరి అప్పుడెందుకు రాయలేదు అని మీరు అడగాలి. మర్యాదకి అడగడం లేదు, నేనే అడుగుతాను. ఇరవై రెండేళ్ళ అలవాటు, పెన్ను కాగితానికి తగలగానే చెయ్యి దానంతటదే రాసేసింది అని మొదట నాకు నేను చెప్పుకున్నాను. సోమవారానికి అది నిజమే కావచ్చు. బుధవారానికి కాదు. బుధవారం నా పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. పసుపు అని రాస్తే దాని మొహం చిన్నబోతుంది, దాని కష్టం అంతా పోతుంది, ఆ పిల్లల వార్డు గుర్తొస్తుంది. రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. బాగుంది అని రాశాను. ఇంత చిన్న మాట రాయడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకొకటి ఉంది. ఇది ఇంతవరకు వాళ్ళ నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు.

పాలు పాడైన రోజు నేను రుచి చూడలేదు. వంటగదిలో పొద్దున్నే హడావుడి. అరగంట ఎవరు ఆగుతారు? బండ్లు కదలకముందే పుస్తకంలో టైములు వేసి, సంతకాలు పెట్టి, బాగుంది బాగుంది అని వరసగా దింపేసేవాళ్ళం. ఆ రోజూ అంతే. నేను బాగుంది అని రాసి బండి పంపేశాను. ఆ తర్వాత ఆకలేసి, సామాన్ల గదిలో తలుపు చాటున కూర్చుని, రోగుల పాలల్లోంచి ఒక గిన్నె నాకోసం తీసుకుని తాగాను. దొంగతనంగా తాగాను. వాంతి అయ్యాక బండి ఆపమని పరిగెత్తాను, అది నిజం. కానీ పెద్ద సారు పుస్తకం తెరిచి చూస్తే అందులో అంతా సరిగ్గానే ఉంది, టైముతో సహా. తిన్న మనిషే బాగుంది అని ఎలా రాసిందమ్మా అని అడగాల్సింది ఆయన. అడగలేదు. శాలువా కప్పారు.

ఆ రోజు తీసిన ఫోటో ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ నాన్నకి చెప్పి ఏడ్చాను. ఆయన, పోనీలే, నీ ఆకలి అరవై మందిని బతికించింది, నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నాను. అప్పటికే చీమ గోడకి మేకు కొట్టి శాలువా ఫోటో తగిలిస్తోంది.

ఎన్నిసార్లు చెప్పబోయాను. పదో తరగతి పాసైనప్పుడు చెబుదామనుకున్నాను. డాక్టరయ్యాక చెబుదామనుకున్నాను. ఆ ఆదివారం అది సీసా మూత తీస్తున్నప్పుడు నోటిదాకా వచ్చింది. ఒసేయ్, మీ అమ్మ ఎప్పుడూ అరగంట ఆగలేదే అని. చెప్పి ఉంటే, గురువారం సాయంత్రం నా బాగుందిని అంత గుడ్డిగా నమ్మేదా? నమ్మేది కాదు. దానికి లెక్కలు బాగా వచ్చు.

నా బిడ్డ ఒక కథని నమ్మి చచ్చిపోయింది. ఆ కథ నాది. అది నిజం కాదు.

ఇప్పుడు నాయనలారా, రెండో వరస. మీ ముగ్గురికి జవాబు.

నాకు మీ చదువు లేదు. నాకు వంట తెలుసు. పెద్ద గుండిగలో పైనుంచి ఒక గరిటె తీసి రుచి చూస్తే అడుగు మాడిందో లేదో తెలియదు. నలుగురూ నాలుగు చోట్ల కలియబెట్టి చూడాలి. ఒక్క మనిషి తాగి బతికినా, ఒక్క మనిషి తాగి పోయినా మందు సంగతి తేలదని మా చీమే నాకు ఒకసారి చెప్పింది. మరి ముగ్గురు చాటుగా తాగితే ఏం తేలుతుంది? మూడు ఫోటోలు తేలతాయి. ఈ హాల్లో ఇంకో మూడు మీటింగులు. ఆ వెనక తలుపు దగ్గర టీ ట్రే పట్టుకుని ఇంకెవరి అమ్మో.

నా ఒళ్ళు నా ఇష్టం, ఇందులో ఎవరికి నష్టం అంటారు. అదీ అలాగే అంది. నేనున్నాను కదా ఇక్కడ, చూడండి. ఎవరికి నష్టమో కనపడుతోందా?

దాన్ని తప్పు పట్టడం లేదు నేను. పేదవాళ్ళ సంతకాలని అలుసుగా తీసుకోకూడదు అన్నది, అది గొప్ప మాట. ఆ మాట నిలబెట్టండి. దాని చావుని కాదు. ఆ కాగితాల్ని నాలాంటివాళ్ళకి కూర్చోబెట్టి చదివి వినిపించండి. అర్థమయ్యేదాకా వినిపించండి. ఆగమన్నప్పుడు ఆగండి. కోపం వస్తే కోప్పడండి, పోట్లాడండి, కానీ అందరి ముందు పోట్లాడండి. మీ ఒంటికి ఏం జరుగుతోందో చూడటానికి మిమ్మల్ని ప్రేమించేవాళ్ళని మాత్రం పెట్టుకోకండి. ప్రేమ ఉన్న కళ్ళు పసుపుని తెలుపుగా చూస్తాయి.

సీసాలు మా ఫ్రిజ్‌లో లేవు. ఇవాళ పొద్దున్న మూడూ తీసుకెళ్ళి పెద్ద డాక్టరమ్మ చేతికిచ్చాను. ఈ నోటుబుక్కు కూడా ఇప్పుడే ఇస్తాను. అందులో నా అబద్ధాలు కొట్టెయ్యలేదు. అలాగే ఉంచి, పక్కన నిజం రాశాను. రెండూ కనపడాలి.

గోడ మీద ఆ శాలువా ఫోటో తీసేశాను. మేకు మాత్రం ఊడి రావడం లేదు. గట్టిగా కొట్టింది చీమ.

ఇంటి దగ్గర ఎవరైనా వచ్చి ఎలా ఉన్నావమ్మా అని అడుగుతున్నారు. ఇకమీదట బాగున్నాను అని చెప్పను. అడిగినవాళ్ళు కాస్త ఓపిక చేసుకుని కూర్చుని వినాలి.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. చేతకానివాళ్ళు కూర్చోండి, పరవాలేదు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. ఇలాంటి చోట్ల రెండు నిమిషాలంటారు, నలభై సెకన్లకే కుర్చీలు జరుగుతాయి. వెనక తలుపు దగ్గర నిలబడి చాలాసార్లు చూశాను. ఇవాళ అలా వద్దు. రెండు నిమిషాలు అంటే నిండా రెండు నిమిషాలు. ఇది చీమ చేతి గడియారం, నా దగ్గరే ఉంది. మీరు కళ్ళు మూసుకోండి. నేను మూసుకోను.

నేను చూస్తాను. ఈసారి చూసే చెబుతాను.